కలివి కోడి నేలను బీడంటే ఎలా?

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ తయారుచేసే ఎర్ర జాబితాలో కలివి కోడి అనే పక్షి పేరు పక్కన ‘తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి’ అని ఉంటుంది. అడవుల్లో, బయళ్లలో బతికే జీవికి అంతకంటే పై ప్రమాద వర్గం లేదు. దాని తరవాత మిగిలేది అంతరించిపోవడమే. మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా దీన్ని మొదటి షెడ్యూల్‌లో, పులితో సమానంగా కూర్చోబెట్టింది. ఇంత గౌరవం అందుకున్న పక్షి తిరిగే నేల పేరేమిటో ప్రభుత్వ కాగితాల్లో వెతికితే కనిపించే మాటలు వేరు. ఒకచోట బంజరు, మరోచోట పోరంబోకు, ఇంకోచోట అనాధీనం. అటవీ శాఖ లెక్కల్లోనైతే క్షీణించిన అడవి. పక్షిని అందలం ఎక్కించి, అది కాలు మోపే నేలను మాత్రం పనికిరాని జాబితాలో వేసుకున్నాం. కలివి కోడి కష్టమంతా ఈ రెండు వర్గీకరణల మధ్య ఉన్న ఎడంలోనే ఉంది. పక్షి వర్గం గురించి నూట డెబ్బై ఏళ్లకు పైగా పండితులు ఆలోచించారు. నేల వర్గం గురించి మాత్రం ఎవరూ మళ్లీ ఆలోచించలేదు.

పక్షి సంగతి ముందు చూద్దాం. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డాన్ కడప, నెల్లూరు ప్రాంతపు కొండల్లో దీన్ని సేకరించాడు. 1848లో ఎడ్వర్డ్ బ్లిత్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. మెడ కింద, రొమ్ము మీద రెండు పట్టీలు ఉంటాయి కనక ‘బైటార్క్వేటస్’ అన్నాడు, అంటే రెండు కంఠెలది అని. అప్పటికి తెలిసిన ఏ ప్రజాతిలోనూ ఇమడదనిపించి దీనికోసమే ‘మాక్రోటార్సియస్’ అని కొత్త ప్రజాతి కల్పించాడు. తరవాతి శాస్త్రజ్ఞులు ఆ ఇల్లు ఖాళీ చేయించి ‘రైనోప్టిలస్’ ప్రజాతిలో చేర్చారు. ఆ ప్రజాతిలోని తక్కిన పక్షులన్నీ ఆఫ్రికావే. ఆసియా మొత్తానికి మిగిలింది ఈ ఒక్కటే. మన మెట్ట పొలాల్లో పట్టపగలు పరుగులు తీసే, దీనిలాగే కోర్సర్ అని పిలిచే మరో పక్షి ఉంది గాని అది వేరే ప్రజాతికి చెందింది. దూరపు చుట్టమే తప్ప తోబుట్టువు కాదు. తెలుగులో దీన్ని ‘అడవ ఉట తిత్తి’ అంటారని జెర్డాన్ రాసుకున్నాడు. అందులోని ‘తిత్తి’ మన తీతువే అయి ఉండాలి. కడప జిల్లా లంకమల కొండల పరిసరాల్లో వాడుకలో ఉన్న ‘కలివి కోడి’ అన్న పేరు ఇంకా ముచ్చటైనది. కలివి పొదల మధ్య తిరిగేది కాబట్టి కలివి కోడి. శాస్త్రజ్ఞులు దాని కంఠెలు చూసి పేరు పెడితే, ఊరివాళ్లు దాని ఇల్లు చూసి పెట్టారు. రెండింట్లో ఏది ఎక్కువ ఉపయోగపడే సమాచారమో ముందు ముందు తెలుస్తుంది.

ఈ ప్రజాతి, ఉపజాతి గొడవలన్నీ మ్యూజియంలో కూర్చునేవాళ్ల కాలక్షేపం, వాటికీ పక్షి బతుక్కీ సంబంధం ఏమిటని కొందరు తీసిపారేస్తారు. సంబంధం ఉంది. అమెరికాలోని వర్జీనియా కొండల్లో షెనండోవా సాలమాండర్ అనే చిన్న ఉభయచరం ఉంది. బల్లిలా కనిపిస్తుంది, కప్పలకు చుట్టం. చెట్ల నీడన రాళ్ల గుట్టల సందుల్లో, మూడంటే మూడు కొండ శిఖరాల మీదే బతుకుతుంది. 1967లో దాన్ని వేరే జాతికి ఒక ఉపజాతిగా మాత్రమే లెక్కించారు. దశాబ్దం గడిచాక జన్యు పరీక్షలు చేసి స్వతంత్ర జాతి అని తేల్చారు. 1989లో ఆ దేశపు అంతరించిపోతున్న జీవుల జాబితాలోకి ఎక్కింది. పెద్ద కుటుంబంలో ఒక కొమ్మగా ఉన్నంతకాలం దాని ఆపద కుటుంబం నీడలో కనిపించలేదు. వేరు కాపురం అని తేలాకే దాని బీదతనం బయటపడింది. వర్గీకరణ అంటే అదీ. ఎవరిని విడిగా లెక్కపెట్టాలో, ఎవరిని గుంపులో వదిలెయ్యొచ్చో ముందుగా తీర్మానించే పని. జీవికి ఇది ఎంత నిజమో నేలకూ అంతే నిజం. పొదల అడవిని విడిగా గుర్తించక ‘చెడిపోయిన అడవి’ అనే గుంపులో పడేస్తే దాని నష్టం ఏ లెక్కలోకీ రాదు.

మన దగ్గరే ఒక పోలిక దొరుకుతుంది. శేషాచలం కొండల్లోని బంగారు బల్లిని 1870లో బెడ్డోమ్ వర్ణించాడు. ఆ తరవాత చాలాకాలం ఎవరికీ కనిపించలేదు. 1980లలో తిరుమల కొండల్లో మళ్లీ దొరికింది. కలివి కోడి కూడా అదే దశాబ్దంలో, ఆ కొండలకు ఎంతో దూరం లేని చోటే మళ్లీ దొరికింది. రెండూ రాత్రి తిరిగేవే, రెండూ తూర్పు కనుమల సొత్తే. కానీ బల్లి కథ సుఖంగా నడిచింది. వెతికినకొద్దీ తూర్పు కనుమల పొడవునా, ఒడిశా దాకా, కొత్త కొత్త చోట్ల కనిపిస్తూ వచ్చింది. ఇప్పుడు దాన్ని పెద్దగా ప్రమాదం లేని వర్గంలో ఉంచారు. కలివి కోడి విషయంలో వెతుకులాట ఎంత సాగినా దొరికిన చోటు పెరగలేదు సరికదా, ఆ చోటే తగ్గుతూ వచ్చింది. తేడా జీవుల్లో కంటే వాటి ఇళ్లలో ఉంది. నిటారైన కొండ చరియల్లో, బండ గుహల్లో బల్లి కాపురం. అక్కడ నాగలి దిగదు, కాలవ పారదు. కలివి కోడిదేమో కొండ అడుగున చదునుగా ఉండే నేల. ట్రాక్టరు కన్ను ముందుగా పడేది అక్కడే.

ఆ చదును నేల పటం గీస్తే అది చాలావరకు మన పెన్న లోయ పటమే అవుతుంది. జెర్డాన్ నాటి ఆనవాళ్లు కడప, నెల్లూరు వైపువి. బ్లాన్‌ఫోర్డ్‌కు పంతొమ్మిదో శతాబ్దంలో గోదావరి పక్కన భద్రాచలం, సిరొంచ ప్రాంతాల్లో కనిపించింది. 1900లో హోవర్డ్ కాంప్‌బెల్ అనంతపురం దగ్గర, పెన్న లోయలోనే చూశాడు. అంతటితో పక్షి మాయమైందని పుస్తకాలన్నీ రాసుకున్నాయి. 1930ల ప్రాంతంలో జరిగిన వెతుకులాటల్లోనూ జాడ లేదు. అయితే ఆ పుస్తకాలను సవరించిన ఒక గుడ్డు కథ ఉంది. స్కాట్లాండ్‌లోని అబర్దీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో దశాబ్దాలుగా ఎవరి కంటా పడకుండా ఉన్న ఒక గుడ్డును 2013లో గుర్తించారు. దాని డీఎన్‌ఏను పాత పక్షి నమూనాతో పోల్చి చూస్తే కలివి కోడిదే అని తేలింది. దాన్ని సేకరించింది 1917లో, కోలారు బంగారు గనుల దగ్గర. అంటే మాయమైందన్న ఏడాదికి పదిహేడేళ్ల తరవాత కూడా, ఎవరూ ఊహించని చోట, ఈ పక్షి గుడ్లు పెడుతూనే ఉంది. కనిపించకపోవడాన్ని లేకపోవడంగా రాసుకోవడంలో ఎంత తొందరపాటు ఉంటుందో ఆ ఒక్క గుడ్డు చెబుతుంది.

1986 జనవరిలో సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లెలో ఈ పక్షి మళ్లీ వెలుగులోకి వచ్చింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ ఊరూరా బొమ్మ చూపించి అడిగాడు. రాత్రిపూట దీపం వెలుతురులో వేటకు వెళ్లే ఐతన్న అనే స్థానికుడు ఒక పక్షిని పట్టి తెచ్చాడు. అది ఎక్కువ రోజులు బతకలేదు గాని జాతి బతికే ఉందని రుజువు చేసింది. అప్పటికి తొంభైకి దగ్గరపడిన సలీం అలీ ఆ వార్త విని స్వయంగా వచ్చాడు. 1988లో లంకమల కొండల్లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఎనభై అయిదేళ్లు పండితులకు దొరకని పక్షిని రాత్రి అడవి ఎరిగిన మనిషి పట్టి ఇవ్వడాన్ని అదృష్టం అని సరిపెట్టుకుంటాం. అదృష్టం కాదు, అది తెలివి. పగలు బైనాక్యులర్లతో వెతికేవాళ్లకు రాత్రి నడిచే పక్షి ఎలా కనిపిస్తుంది?

2000 తరవాత పంచాపకేశన్ జెగనాథన్, ఆయన సహచరులు చేసిన పని ఈ పక్షి శాస్త్రంలో అన్నిటికంటే విలువైనది. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారాక దాని మీది అడుగుజాడలు లెక్కపెట్టారు. వాటంతట అవే ఫొటోలు తీసే కెమెరాలు అమర్చారు. కూతను మొదటిసారిగా రికార్డు చేశారు. ఆ పరిశీలనలో తేలింది ఇదీ: హెక్టారు నేలలో మనిషి ఎత్తు దాటిన పొదలు 300 నుంచి 700 దాకా, అంతకు పొట్టి పొదలు వెయ్యి లోపు ఉన్నచోటే ఈ పక్షి ఎక్కువగా తిరుగుతుంది. పొదలు మరీ పలచనైతే ఉండదు, మరీ చిక్కనైనా ఉండదు. నడవడానికి పొదల మధ్య ఖాళీ నేల కావాలి, దాక్కోవడానికి పొద కావాలి. రేగు, కలివి, చండ్ర, తుమ్మ కలిసి పెరిగే మన మామూలు కంపల అడవి ఇది. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల వెళ్లే దారిలో కిటికీలోంచి కనిపించే తుప్పల మైదానానికీ దీనికీ పెద్ద తేడా ఏమీ ఉండదు. చూసీ చూడకుండా దాటిపోయే నేల. పక్షికి మాత్రం అందులో కొలత తప్పకూడదు.

ఇప్పుడు ఈ నేలకు ప్రభుత్వం పెట్టుకున్న పేర్లు చూడండి. కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి ప్రచురించే బంజరు భూముల పటాల పుస్తకం ఉంది. అందులో దట్టమైన తుప్పలున్న నేల ఒక రకం బంజరు. పలచటి తుప్పలున్న నేల మరో రకం. తుప్పలు కమ్మిన అటవీ భూమి ఇంకో రకం. అటవీ సర్వే సంస్థ నివేదికల్లోనైతే చెట్ల నీడ పది శాతం కంటే తక్కువ పడే అటవీ భూమిని ‘స్క్రబ్’ అని విడిగా రాస్తారు, అటవీ విస్తీర్ణంలో కలపరు. అడవిని చెట్ల నీడతో కొలవడం కేరళకో ఈశాన్యానికో సరిపోవచ్చు. ఏడాదిలో నాలుగు వానలు పడితే పండగ చేసుకునే రాయలసీమలో అది ఒంటెను ఏనుగు తూకంతో తూచినట్టే. నీడ లేని అడవి అడవే కాదన్న ఈ కొలత వల్ల ఏం జరుగుతుంది? ఈ తుప్పలు పోతే అటవీ విస్తీర్ణం తగ్గినట్టు లెక్క తేలదు. పోయిందన్న సంగతే నివేదికలో ఉండదు. పైగా బంజరు అన్న పేరుంది కాబట్టి దాన్ని వాడుకలోకి తెచ్చినవాళ్లు పుణ్యం చేసినట్టే. 1990లలో ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూసిన పరిశీలనలో కలివి కోడి ఉండే పరిసరాల్లో పదేళ్ల లోపే పొదల అడవి పదింట ఒక వంతుకు పైగా కరిగిపోయిందని తేలింది. ఎక్కువభాగం పొలాలుగా మారింది. ఆ పదేళ్లూ పక్షి మాత్రం జాబితాలో భద్రంగానే ఉంది.

రాయలసీమలో నీళ్లకంటే పక్షి ఎక్కువా అన్న ప్రశ్న ఈపాటికి చాలామంది నోటిదాకా వచ్చి ఉంటుంది. న్యాయమైన ప్రశ్నే. పెన్న ఎండి ఇసుక మిగిలిన ఏళ్లు ప్రొద్దుటూరువాళ్లకు ఎవరో గుర్తు చేయనక్కర్లేదు. దీనికి జవాబు తెలుగుగంగ కాలవ కథలోనే ఉంది. ఆ కాలవ దారి కలివి కోడి తిరిగే నేల మీదుగా పోతుందని తెలిశాక కూడా 2005లో యంత్రాలు తవ్వకం మొదలుపెట్టాయి. పొదలు లేచిపోయాయి. అటవీ శాఖ అడ్డుపడింది, శాస్త్రజ్ఞులు మొరపెట్టుకున్నారు, వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది. చివరికి కాలవ దారి మార్చారు. మారిన దారిలో కాలవ తవ్వుకోవచ్చని తేలింది కదా! మొదటే ఆ గీత అలా గీసి ఉంటే తవ్వి పూడ్చిన ఖర్చు, కోర్టుల కాలయాపన రెండూ తప్పేవి. మొదట ఎందుకు గీయలేదంటే, ఇంజనీరు పటంలో ఆ నేల ఖాళీగా కనిపించింది. పంట లేదు, ఊరు లేదు, పెద్ద అడవి లేదు. కాలవకు ఇంతకంటే చవకైన దారి ఏముంటుంది? ఇంజనీరును తప్పుపట్టి లాభం లేదు. ఖాళీ అని రాసి ఉన్న కాగితం ఆయన చేతికి ఇచ్చింది మనమే. సోమశిల జలాశయంలో ఊళ్లు మునిగినవాళ్లు పైకి వచ్చి పొదలు కొట్టి పొలాలు చేసుకోవలసి వచ్చిందంటే దాని వెనకా ఇదే కారణం. నష్టపోయిన మనిషికి ఇవ్వడానికి ప్రభుత్వానికి ఎప్పుడూ దొరికేది ఈ ‘ఖాళీ’ నేలే. నష్టపరిహారాన్ని పక్షి ఖాతాలోంచి చెల్లించినట్టయింది.

రెండో అభ్యంతరం జీవాలు కాసుకునేవాళ్లది. ఇది ఇంకా బరువైనది. అభయారణ్యం అన్న మాట వినగానే గొర్రెల కాపరికి గుర్తొచ్చేది జరిమానా. పక్షిని కాపాడే పేరుతో పేదవాడి మేత భూమికి కంచె వేస్తారా అని అడిగితే, ఈ పక్షి విషయంలో శాస్త్రం కాపరి వైపే మొగ్గుతుందని చెప్పాలి. పొదల మధ్య ఖాళీ నేల తనంతట తాను ఉండిపోదు. జీవాలు మేసి, కట్టెపుల్లలకు కొమ్మలు కొట్టి, మనుషులు తొక్కి తిరిగితేనే అది తెరిపిగా ఉంటుంది. మేతను పూర్తిగా ఆపేస్తే పొట్టి పొదలు కమ్ముకుని వెయ్యి గీత దాటిపోతాయి. మితిమీరి మేపి, మోళ్లు మిగిలేలా కొడితే పెద్ద పొదలు మూడు వందల గీతకు దిగువకు జారతాయి. రెండూ పక్షికి చేటే. అందుకని మితంగా మేపుకునే కాపరి ఈ పక్షికి శత్రువు కాదు, ఒక రకంగా తోటమాలి. శత్రువు ఏదంటే ఎకరాలకు ఎకరాలు గీకి చదును చేసే యంత్రం. గొర్రె పదేళ్లలో చేయలేని నష్టం అది పొద్దుగూకేలోగా చేస్తుంది. అటవీ శాఖ వేసే జరిమానాల లెక్క తీసి, అందులో జీవాల కాపరుల వాటా ఎంత, యంత్రాల యజమానుల వాటా ఎంత అని ఎవరైనా అడిగితే బాగుండు.

అటవీ శాఖకే చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. మొక్కలు నాటడం ఎప్పుడూ మంచిపనే అన్న నమ్మకం మన బడిపుస్తకాల దగ్గర్నుంచి మంత్రుల ప్రసంగాల దాకా పాతుకుపోయింది. ఎక్కడో గని కోసమో రోడ్డు కోసమో అడవి నరికితే బదులుగా మరోచోట నాటాలన్న నిబంధన ఉంది. ఆ మరోచోటు తరచుగా ఇలాంటి తుప్పల నేలే అవుతుంది. క్షీణించిన అడవి కాబట్టి బాగు చేస్తున్నామన్న భావన. పొదలు పెరికి, గుంతలు తీసి, వరసగా చెట్లు నాటితే కలివి కోడి దృష్టిలో అది బాగుచేయడం కాదు, ఇల్లు కూల్చి పందిరి వేయడం. చెట్ల నీడ పది శాతం దాటగానే ఆ నేల నివేదికలో అడవిగా ఎక్కుతుంది. పక్షి పోయిన నేలకు ప్రమోషన్ వచ్చినట్టన్నమాట.

అసలు లేని పక్షి కోసం ఇంత రాద్ధాంతమా అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో కొంత బలం ఉంది. 2009 ప్రాంతం తరవాత చాలా ఏళ్లు నిర్ధారణగా ఎవరూ చూడలేదు. ఐయూసీఎన్ చెప్పే 50 నుంచి 249 అన్న సంఖ్య తలలు లెక్కపెట్టి రాసింది కాదు, ఉండగల నేలను బట్టి వేసిన అంచనా. కానీ ఒక జాతి అంతరించిందని రాయాలంటే చివరి ప్రాణి చనిపోయిందనడంలో సందేహానికి తావుండకూడదని అదే సంస్థ నియమం. ఉన్నదాన్ని లేదని రాసేస్తే దాని నేలకున్న చివరి రక్షణ కూడా ఊడిపోతుంది, ఆ తరవాత నిజంగానే లేకుండా పోతుంది. ఈ నియమం వెనకున్న భయం అది. పైగా వెతుకులాట ఎంత గట్టిగా సాగిందన్నది చూడాలి. ఎర్రచందనం దొంగల వల్ల లంకమల, శేషాచలం అడవుల్లో రాత్రి తిరగడం ఎవరికైనా కష్టమే. రాత్రి తిరిగే పక్షిని రాత్రి వెతకలేకపోతే దొరకలేదన్న మాటకు విలువెంత? 2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల బృందం ఒకటి దాని కూతను రికార్డు చేసినట్టు ప్రకటించింది. 1900 తరవాత పోయిందన్న పక్షి 1917లో గుడ్డు పెట్టింది, 1986లో ఎదురైంది. దాన్ని ఇన్నిసార్లు చంపి రాసింది మన తొందరే.

ఇక అభయారణ్యం ఉందిగా, చాలదా అన్న ప్రశ్న. చాలదనడానికి పక్కనే రోళ్లపాడు ఉంది. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. కంచె లోపలి గడ్డి నేల మిగిలింది. కంచె బయట చుట్టూరా ఉన్న మెట్ట సేద్యం తీరు, నేల తీరు మారిపోయాయి. బట్టమేక ఇప్పుడు కనబడితే వార్త అయ్యే స్థితికి వచ్చింది. పక్షి కంచె చదవదు. లంకమల అభయారణ్యంలోనూ ఎక్కువభాగం కొండే. కలివి కోడికి కావాల్సిన చదును నేల చాలావరకు కొండ అంచున, హద్దు గీతకు అటూ ఇటూ, పట్టా పొలాల్లో, బీళ్లలో ఉంది. కొండకు రక్షణ ఇచ్చి చదునును వదిలేశాం. గుడికి గోపురం కట్టి గర్భగుడి మరిచినట్టు అంటే ఎవరికైనా కోపం రావచ్చు గాని, పటం చూస్తే అంతకంటే సరైన మాట తట్టదు.

అందుకే ఈ విషయం సిద్ధవటం, బద్వేలు వాళ్లకు మాత్రమే వదిలేయదగింది కాదు. కాంప్‌బెల్ చూసిన అనంతపురానికీ, ఐతన్న పట్టిన రెడ్డిపల్లెకూ మధ్య పెన్న పారేది మన ఊళ్ల పక్కనుంచే. గండికోట దాటి, మైలవరం జలాశయం నిండి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ఒరుసుకుని ఆ నది సిద్ధవటం చేరుతుంది. రెండు చివరలా దొరికిన పక్షి నడుమ ఎప్పుడూ లేదని చెప్పడానికి ఆధారం లేదు. ఎర్రమలల అంచున, పాలకొండల అడుగున మిగిలిన తుప్పల్లో అది ఉందని కూడా ఎవరూ చెప్పలేరు. నిజం తేలాలంటే వెతకాలి. ఈ ప్రాంతంలోనే ఇప్పుడు నేలకు గిరాకీ పెరుగుతోంది. మైలవరం మండలంలో సోలార్ పార్కు వచ్చింది, ఎర్రగుంట్ల చుట్టూ సున్నపురాతి గనులున్నాయి, తుమ్మలపల్లెలో యురేనియం తీస్తున్నారు, చీనీ తోటలు మెట్ట మీదికి ఎక్కుతున్నాయి. వీటిలో ఏదీ వద్దనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. సోలారు పలకలకు ఎండ కావాలి, కలివి పొద అక్కర్లేదు. పొద లేని నేల కూడా మన జిల్లాలో కావలసినంత ఉంది. ఏ నేలలో పలకలు పరచొచ్చో, ఏ నేలలో పరచకూడదో విడదీసి చెప్పే గడి ఒకటి రికార్డులో ఉండాలి. ఇప్పుడు రెండింటికీ ఒకటే పేరు.

ఆ గడి పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రభుత్వ భూమిని ఎవరికైనా కేటాయించేముందు తహసీల్దారు నివేదిక రాస్తారు. అందులో తుప్పల అడవిని బంజరు నుంచి వేరుచేసి రాయడం ఒక ఉత్తర్వుతో అయ్యే పని. చిక్కనా పలచనా అని కొలవడానికి ఉపగ్రహ చిత్రాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. కూత వినిపించే సమయాల్లో రాత్రంతా తమంతట తామే రికార్డు చేసే చిన్న యంత్రాలు ఇప్పుడు సామాన్యమైన ధరకే దొరుకుతున్నాయి. వాటిని పొదకు కట్టి పెడితే దొంగలున్న అడవిలో మనిషి రాత్రి కాపలా కాయక్కర్లేదు. ఏ పొద దగ్గర కట్టాలో అడగడానికి యానాదులు ఉన్నారు, జీవాల కాపరులు ఉన్నారు. వాళ్లకు కూలీ ఇచ్చి, వాళ్ల పేరు నివేదికలో రాయాలి. ఒక ఏడాది పెన్న లోయ పొడవునా, అభయారణ్యం గీతను పట్టించుకోకుండా, గండికోట నుంచి సోమశిల దాకా ఈ పని జరిగేవరకు పొద మిగిలిన ప్రభుత్వ భూముల కేటాయింపును ఆపి ఉంచాలి. పక్షి కూత వినబడితే ఆ నేల పేరు మార్చాలి. వినబడకపోయినా, హెక్టారుకు మూడు వందల పొదలున్న నేలను అనాధీనం అని రాయడం మాత్రం మానుకోవాలి. దాని అధీనంలో కుందేళ్లు, కౌజులు, జీవాల మేత, ఎండాకాలంలో పిల్లలు కోసుకునే కలివి పండ్లు ఉన్నాయి.